సరమ శాపము – గ్రామారోగ్యము

మహాభారతమున రాజుల కయ్యములకంటె ముందుగా ఒక కుక్కపిల్ల ఏడ్పు వినవచ్చును. ఆదిపర్వమున పౌష్యోపాఖ్యానము ఆ కథతోనే ఆరంభమగుచున్నది. పరీక్షిన్మహారాజు కుమారుడైన జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రయాగము చేయుచుండగా, దేవతల కుక్కయైన సరమ బిడ్డ సారమేయుడు యాగశాలకు వచ్చెను. జనమేజయుని తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లికడకు పోయి, తాను హవిస్సును నాకలేదనియు, దానివంక చూడనైన లేదనియు, అయినను తన్ను కొట్టిరనియు మొఱపెట్టుకొనెను. సరమ యాగశాలకు వచ్చి, ఏ తప్పును చేయని తన బిడ్డను ఎందులకు కొట్టిరని అడిగెను. వారు బదులు పలుకలేదు. అంతట, నిరపరాధిని హింసించితిరి గనుక కానరాని భయము మీకు కలుగునని శపించి ఆమె వెడలిపోయెను.

ఆ శాపమున ఒక విశేషము కలదు. సరమ రాజునకు శత్రుభయమును గాని, అగ్నిభయమును గాని, చోరభయమును గాని కోరలేదు. కంటికి కనబడని భయమును మాత్రమే చెప్పెను. కనబడు శత్రువును సైన్యము ఎదుర్కొనును. కనబడని దానిని ఎదుర్కొనుట యెట్లు? జనమేజయుడు మిక్కిలి కలతచెంది, సత్రము ముగిసిన పిదప హస్తినాపురమునకు చేరి, ఆ కీడును శాంతింపజేయగల పురోహితునికై వెదకి, శ్రుతశ్రవసుని కుమారుడైన సోమశ్రవసుని వరించి తెచ్చుకొనెను. అంతటి మహారాజు ఒక కుక్క పలికిన మాటను తేలికగా కొట్టివేయలేదన్నది ఇచట గమనింపదగినది.

మనుష్యునకును జంతువునకును నడుమ సంబంధము చెడినప్పుడు అది కానరాని భయమై తిరిగివచ్చునన్న ఈ సత్యమునే నేటి వైద్యశాస్త్రము తన భాషలో చెప్పుచున్నది. మనుష్యులకు సోకు అంటురోగములలో నూటికి సుమారు అరువది జంతువులనుండి వచ్చునవే యని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కుక్క చొంగలో, గొఱ్ఱె కాలేయములో, ఆవు పాలలో కంటికి కానరానిది ఉండవచ్చును. అట్లని ఆ జీవులను తరిమివేసినయెడల భయము తొలగునా? తొలగదు. వాటి యారోగ్యమును మన యారోగ్యముగా చూచుకొన్నప్పుడే తొలగును. ఈ విషయమును పాలమూరు, నల్లగొండ సీమల జీవనమునుండి తీసిన ఉదాహరణములతో పరిశీలింతము.

పెట్టిన ముద్ద

కృష్ణానదికి ఉత్తరమున వ్యాపించిన ఈ సీమలు చాలవఱకు మెట్టభూములు. 2016, 2019 సంవత్సరములలో ఈ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినను, జనుల నోట పాలమూరు, నల్లగొండ అను పేర్లే నిలిచియున్నవి. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ యగుటచే ఇచటి కుటుంబములు పంటతో పాటు పశువును నమ్ముకొని బ్రదుకుచున్నవి. గొల్లలు, కురుమలు మందలను కాయుదురు. నల్లగొఱ్ఱె ఉన్నితో నేసిన గొంగడి ఎండకు, వానకు, చలికి కాపరి యిల్లుగా ఉండెడిది. వేసవిలో మేతకై మందలు నెలల తరబడి ఊరు విడిచి పోవును. రైతులు తమ చేలలో రాత్రిపూట మందను నిలిపించుకొని, ఆ ఎరువునకు బదులుగా కాపరులకు గింజలో, రూకలో ముట్టజెప్పుదురు. ఆ మంద చుట్టును తోడేలు రాకుండ రాత్రియంతయు మేల్కొనియుండునది కుక్క.

ఈ బంధము ఇచటి భక్తిలోను కానవచ్చును. మక్తల్ ప్రాంతమున పంచదేవపహాడ్ వద్ద కృష్ణను దాటి కురువపురమునకు పోవు భక్తులు శ్రీపాద శ్రీవల్లభులను దత్తావతారముగా కొలుతురు. దత్తాత్రేయుని పటమున స్వామి వెనుక గోవు నిలిచియుండును. పాదములచెంత నాలుగు కుక్కలు ఉండును. ఆ గోవు భూదేవి యనియు, ఆ కుక్కలు నాలుగు వేదములనియు పెద్దలు చెప్పుదురు. కాలభైరవుని వాహనమును కుక్కయే. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. కుక్కలకు, కాకులకు, క్రిమికీటకములకు సైతము అన్నము కొంత నేలపై ఉంచిన పిదపనే గృహస్థు భుజింపవలెనని ధర్మశాస్త్రము. పల్లెలో ఇల్లాలు గిన్నె కడుగుటకు ముందు తుదిముద్దను వాకిట కుక్కకు వేయుట ఆ ధర్మపు ఛాయయే.

అయితే ఇచట ఒక లోటు కలదు. వీధికుక్కకు ముద్ద వేయువారు పదిమంది యుందురు. దానికి టీకా వేయించువాడు ఒక్కడును ఉండడు. అది పిల్లలు పెట్టినప్పుడు దిక్కెవ్వరో, దానికి పుండు పడినప్పుడు మందెవ్వరు వేయుదురో ఎవ్వరును ఎఱుగరు. అందఱి కుక్క యనగా ఎవ్వరి కుక్కయు కాదని అర్థమగుచున్నది. దయ ముద్దతో ఆరంభమగుట మంచిదే. ముద్దతోనే ముగియుట మాత్రము సగము దయ. ఆ మిగిలిన సగములోనుండియే కానరాని భయము ప్రవేశించుచున్నది.

కాటు పడిన వేళ

వెఱ్ఱికుక్క కాటును గూర్చి మన పూర్వులు ఎఱుగనివారు కారు. సుశ్రుతసంహిత కల్పస్థానమున పిచ్చిపట్టిన కుక్కల, నక్కల లక్షణములు చెప్పబడినవి. కాటు తిన్నవాడు నీటిని చూచి, నీటి చప్పుడు విని భయపడుటను జలత్రాసమని పేర్కొని, అది మరణచిహ్నమని సుశ్రుతుడు స్పష్టముగా తెలిపెను. నేటి వైద్యులును ఆ మాటను కాదనలేకున్నారు. రేబిస్ క్రిమి కాటునుండి నరముల వెంట మెల్లగా మెదడునకు ప్రాకును. సాధారణముగ రెండు మూడు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు వారము దినములే చాలును. ఒక్కొక్కప్పుడు ఏడాది యగును. లక్షణములు పైకి వచ్చిన పిదప మరణము దాదాపు తప్పదు. హైదరాబాదు నల్లకుంటలోని సర్ రోనాల్డ్ రాస్ వైద్యశాలకు, జనులు ఫీవరాసుపత్రి యని పిలుచు చోటికి, జిల్లాలనుండి ఇట్టి రోగులను తెచ్చుచుందురు. దాహముతో అలమటించుచును గ్రుక్కెడు నీరు మ్రింగలేని బిడ్డను చూచిన తల్లికి వైద్యుడు చెప్పగల ధైర్యము లేదు.

కాని ఈ రోగమునకు మఱియొక ముఖము కలదు. కాటు పడిన వెంటనే తగిన జాగ్రత్త తీసికొన్నయెడల దీనిని పూర్తిగా నివారింపవచ్చును. 1885 జూలై 6న ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు, వెఱ్ఱికుక్క పలుచోట్ల కఱచిన తొమ్మిదేండ్ల బాలునకు తన టీకాను తొలిసారిగా వేసి కాపాడెను. మన దేశమున 1900లో కసౌలీలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను పాశ్చరు సంస్థలు వెలసినవి. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలీలో రూపొందించిన టీకా గొఱ్ఱెల మెదడునుండి తయారగుచుండెను. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులని పల్లెజనులు చెప్పుకొని వణకినది ఆ టీకానే. 2005 నాటికి మన దేశమున దాని వాడుక ఆగిపోయినది. ఆ భయము మాత్రము కొన్ని యిండ్లలో ఇంకను మిగిలియున్నది. నేడు సూదులు భుజముపై వేయుదురు. తొలి సూది వేసిన దినమును సున్నగా లెక్కించి, చర్మములోనికైనచో 3, 7, 28 దినములలోను, కండలోనికైనచో 3, 7, 14, 28 దినములలోను మిగిలినవి వేయుదురు. గాయము లోతైనదైనచో గాయములోనికే రోగనిరోధక సీరమును ఎక్కింతురు.

వీటన్నిటికంటె ముందు చేయవలసినది ప్రతి యింటను ఉన్నదే. గాయమును సబ్బుతో, ధారగా పోయు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. క్రిమిని అచటికక్కడనే చాలవఱకు తొలగించునది ఆ నీరే. కారము, సున్నము, పసుపు, ఆకుపసరు, నూనె మున్నగునవి పూయరాదు, కట్టు బిగింపరాదు. మంత్రము వేయించుకొందుమనువారు వైద్యశాలకు పోయి వచ్చిన పిదప వేయించుకొన్నచో ఎవ్వరికిని బాధ లేదు. మంత్రమునకై కాలము గడపి సూదిని మానుటయే ప్రాణాపాయము. భారత వైద్య పరిశోధన మండలి 2022, 2023 సంవత్సరములలో జరిపిన సర్వేను బట్టి మన దేశమున ఏటా సుమారు 91 లక్షల జంతుకాట్లు జరుగుచున్నవనియు, 5,700కు పైగా మంది రేబిస్‌తో మరణించుచున్నారనియు అంచనా. కుక్కకాటు తిన్నవారిలో అయిదింట ఒకరు ఒక్క సూదియైన వేయించుకొనలేదని ఆ సర్వేలోనే తేలినది. ప్రపంచమున కాటు తినువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్ల లోపు బాలురు. పిల్లవాడు తిట్లకు వెఱచి చిన్న గీరును దాచిపెట్టును. కనుక కుక్క కఱచినదని చెప్పిన పిల్లవానిని దండింపక దగ్గఱకు తీసికొను ఇల్లే సగము రక్షణ పొందిన ఇల్లు.

చంపుట చికిత్స కాదు

భయమునుండి ద్వేషము పుట్టును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేండ్ల బాలుని బలిగొన్నది. ఆ వార్త విని కంటతడి పెట్టని తల్లి తెలుగునాట లేదు. మఱుసటి యేడు, 2024 ఫిబ్రవరిలో, పాలమూరు జిల్లా అడ్డాకుల మండలము పొన్నకల్ గ్రామమున రాత్రివేళ కొందఱు వచ్చి సుమారు ఇరువది వీధికుక్కలను తుపాకితో కాల్చిచంపిరి. తాను పెంచుకొన్న కుక్కను వీధికుక్కలు చంపినందుకు పగదీర్చుకొనుటకే ఒకడు తన వారితో కలిసి ఇట్లు చేసెనని పోలీసులు తరువాత వెల్లడించిరి. ఒక కుక్కపై గల ప్రేమయే ఇరువది కుక్కలకు మృత్యువైనది! తనదను మమకారము వేఱు, భూతదయ వేఱు అనుటకు ఇంతకంటె వేఱు దృష్టాంతము అక్కఱలేదు.

బిడ్డలను కాపాడవలెనన్న తల్లిదండ్రుల ఆరాటము న్యాయమైనది. దానిని దయ పేరిట తీసివేయువారు ధర్మమును సగమే చూచినవారగుదురు. అయితే చంపుటవలన ఆ బిడ్డలకు రక్షణ కలుగునా అన్నది విచారింపవలెను. ఊరి కుక్కలను చంపినచో ఖాళీయైన వీధిలోనికి పొరుగూరి కుక్కలు వచ్చి చేరును. వాటికి టీకా ఉన్నదో లేదో ఎవ్వరును ఎఱుగరు. ఊరిలో నూటికి డెబ్బది కుక్కలకు టీకా వేసి, ఏటేట ఆ లెక్కను తగ్గకుండ నిలుపుకొన్నయెడల రేబిస్ గొలుసు తెగిపోవునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. టీకా పొందిన కుక్క తాను నిలిచిన వీధికి గోడవంటిది. దానిని చంపుట మన గోడను మనమే పడగొట్టుకొనుట.

2001లో మొదట వెలువడి 2023లో సవరింపబడిన జంతు జనన నియంత్రణ నియమములును ఈ మార్గమునే చూపుచున్నవి. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా చేయించు బాధ్యత స్థానిక సంస్థలది. అట్లు చేసిన కుక్కకు చెవికొసను కొద్దిగా కత్తిరింతురు; అది చూచి జనులు గుర్తింపవచ్చును. రేబిస్ సోకినవి, మీదపడి కఱచు స్వభావము గలవి తప్ప తక్కినవానిని చికిత్స, టీకా జరిగిన పిదప విడిచిపెట్టవలెననియు, అన్నము వేయుటకు వేఱుగ చోట్లు ఏర్పఱుపవలెననియు సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఆదేశించెను. పాఠశాలలు, వైద్యశాలలు, బస్సు, రైలు స్టేషనులు మున్నగు చోట్లనుండి కుక్కలను తొలగించి వేఱొకచోట ఉంచవలెనని అదే యేడు నవంబరు 7న ఆదేశించెను. బిడ్డ నడచు దారి బిడ్డకు, కుక్కకు పెట్టు ముద్ద కుక్కకు అని వేఱుపఱచుట దయకు విరుద్ధము కాదు. బడి గుమ్మమున ముద్ద వేయుటకంటె ఊరి వెలుపల ఒక చోట వేయుట ఇరువురకును మేలు.

జటాయువు లేని లోటు

ఊళ్లలో కుక్కలు పెరుగుటకు వెనుక మఱియొక జీవి కథ కలదు. శ్రీరాముడు తండ్రికి చేయవలసిన కర్మను జటాయువునకు చేసెను. రామాయణమున అంతటి గౌరవము పొందిన గ్రద్దజాతి మన కాలమున దాదాపు నశించినది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు ఆ పశువు చచ్చిన పిదప కళేబరములో మిగిలియుండి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచెను. తెల్లవీపు రాబందులు 1992 నుండి 2007 నాటికి నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించినవి. 2006లో పశువైద్యమున ఆ మందును ప్రభుత్వము నిషేధించెను. అప్పటికే నష్టము జరిగిపోయినది.

రాబందులు గంటలలో శుభ్రము చేయు కళేబరము ఊరి వెలుపల కుళ్లిపోవుచుండగా అది కుక్కలకు ఆహారమయ్యెను. ఆ కారణముచే 1992, 2006 సంవత్సరముల నడుమ దేశమున కుక్కలు లక్షల సంఖ్యలో పెరిగెననియు, రేబిస్ మరణములు 47 వేలకు పైగా అదనముగా జరిగియుండుననియు 2008లో పరిశోధకులు లెక్కగట్టిరి. ఆకాశమున ఒక పక్షి లేకపోవుటకును, వీధిలో ఒక బిడ్డ కాటు తినుటకును సంబంధ మున్నదని ఎవ్వడూహించును? సరమ చెప్పిన కానరాని భయము ఇట్టిదే. కనుక చచ్చిన పశువును చెఱువు గట్టుననో, రోడ్డు ప్రక్కననో పాఱవేయక, సున్నము చల్లి లోతుగా పూడ్చుట ఊరి ధర్మము. దొమ్మరోగముతో చచ్చినదని అనుమాన మున్నచో దానిని కోయరాదు, తోలు ఒలువరాదు. ఆ రోగబీజములు మట్టిలో దశాబ్దముల తరబడి బ్రదికియుండును.

మంద వెంట నడచు కుక్క

కుక్కయు, గొఱ్ఱెయు, మనుష్యుడును కలిసి యుండు ఈ సీమలో తెలిసికొనదగిన రోగము మఱియొకటి కలదు. రేబిస్ వలె అది కేకపెట్టి రాదు; ఏండ్ల తరబడి మౌనముగా ఉండును. కుక్క ప్రేగులలో వడ్లగింజంత పొడవైన లేని ఒక బద్దెపురుగు బ్రదుకును. దాని గ్రుడ్లు కుక్క మలముతో బయటికి వచ్చి గడ్డిపై, నీటిలో, కుక్క వెండ్రుకలపై ఉండును. గొఱ్ఱె ఆ గడ్డిని మేసినప్పుడు దాని కాలేయములో, ఊపిరితిత్తులలో నీటితో నిండిన తిత్తులు పెరుగును. ఆ గొఱ్ఱెను కోసినప్పుడు తిత్తులుగల కాలేయమును పనికిరాదని కుక్కకు విసరివేసినచో, పురుగు మరల కుక్క ప్రేగులలోనికి చేరును. చక్రము పూర్తియగును.

ఆ చక్రమున మనుష్యుడు ఊరక చిక్కుకొనును. కుక్కను నిమిరిన చేతిని కడుగక అన్నము తిన్న బాలునకు గ్రుడ్డు లోనికి పోయిన సంగతియే తెలియదు. అతడు పెరిగి పెద్దవాడై పొలము పనిలో ఉన్నప్పుడు ప్రక్కలో బరువు, నొప్పి, ఆయాసము మొదలగును. పరీక్ష చేయించగా కాలేయమున తిత్తి కనబడును. అది పగిలినచో ప్రాణమునకే ముప్పు. మందులు, శస్త్రచికిత్స ఉన్నవి గాని, కూలిచేసుకొను కుటుంబమునకు ఆ ఖర్చు మోయరానిది. వైద్యులు దీనిని హైడాటిడ్ వ్యాధి యందురు.

దీని నివారణ కాపరుల చేతిలోనే ఉన్నది. సూర్యాపేట సమీపమున దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్ల కొకమాఱు లింగమంతుల స్వామి జాతర జరుగును. యాదవులు ‘ఓ లింగా’ యని ఘోషించుచు లక్షలుగ తరలివత్తురు. చౌడమ్మకు మ్రొక్కులు చెల్లింతురు. ఆ జాతర యైనను, ఇంటి పండుగయైనను, సంత దినమైనను, జీవమును కోసిన చోట మిగిలిన ప్రేగులను, కాలేయమును, ఊపిరితిత్తులను పచ్చిగా కుక్కలకు వేయరాదు. గుంత తీసి పూడ్చవలెను. కుక్కకు పెట్టదలచినచో బాగుగ ఉడికించి పెట్టవలెను. మంద కుక్కకు పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారము బద్దెపురుగు మాత్ర ఇప్పింపవలెను. కుక్కను ముట్టిన చేతిని సబ్బుతో కడిగి గాని పిల్లలు కంచము ముందు కూర్చుండరాదు. మ్రొక్కు చెల్లించిన పిదప స్థలమును శుభ్రము చేయుటయు మ్రొక్కులో భాగమే యని కులపెద్దలు ఒక్కమాట చెప్పినచో, వైద్యులు వందసారులు చెప్పినదానికంటె అది బలముగా నాటుకొనును.

గోవు ఇచ్చినది, గోవునకు ఇయ్యవలసినది

గోవు పాలిచ్చినదని అందఱును ఎఱుగుదురు. టీకాను ఇచ్చినదియు గోవే యని అందఱును ఎఱుగరు. ఇంగ్లండు పల్లెలలో పాలు పితుకు స్త్రీలకు ఆవుల పొదుగునుండి చిన్న పొక్కులు సోకుచుండెను. అట్టివారికి మశూచికము వచ్చెడిది కాదు. 1796లో ఎడ్వర్డ్ జెన్నరు ఈ సంగతిని ఆధారముగా గొని తొలి టీకాను వేసెను. టీకాకు పాశ్చాత్య భాషలలో గల వ్యాక్సిన్ అను పేరు ఆవు అను అర్థముగల లాటిన్ పదమునుండియే పుట్టినది. మశూచికము మన దేశమున 1975లో ఆగిపోయినది. ప్రపంచమునుండి తొలగినదని 1980లో ప్రకటింపబడినది. ఆ ఋణమును మనుష్యుడు కొంత తీర్చుకొన్నాడు. మందలకు మందలను తుడిచిపెట్టిన పశువుల ముసరవ్యాధి టీకాలవలన 2011లో భూమిపైనుండి తొలగినది. మనుష్యజాతి పూర్తిగా నిర్మూలింపగలిగిన అంటురోగములు ఇంతవఱకు ఈ రెండే. ఒకటి మనుష్యునిది, ఒకటి పశువుది.

ఇంకను మిగిలియున్నవానిలో ఈసుడు రోగ మొకటి. చూలు నిండక ముందే ఆవు, గేదె ఈసుకొనిపోవును. ఆ పిండమును, మాయను వట్టిచేతులతో తీసిన రైతునకు కొంతకాలమునకు వచ్చిపోవుచుండు జ్వరము, చెమటలు, కీళ్లనొప్పులు పట్టుకొనును. కారణము తెలియక ఏదో జ్వరమని మందులు మ్రింగుచు నెలలు గడచును. కాచని పాలవలనను ఇది సోకును. 2019 సెప్టెంబరులో ఆరంభమైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమమున గాలికుంటుతో పాటు ఈ రోగమునకును టీకా వేయుచున్నారు. నాలుగు నెలలనుండి ఎనిమిది నెలల లోపు పెయ్యదూడకు ఒక్కసారి వేసినచో చాలును. పెయ్యను గౌరీదేవిగా పూజించి బొట్టుపెట్టు చేయి, ఆ దూడను టీకాకు పట్టుకొని నిలిచినప్పుడు ఆ పూజ ఫలించును. పాలు కాచి త్రాగుట, ఈనిన చోట తొడుగు వేసికొని పని చేయుట, మాయను కుక్కలపాలు చేయక పూడ్చుట, ఇవి గోసేవకు అంగములు.

రెండు చికిత్సలు

ఈ యాలోచన పడమటినుండి దిగుమతియైనది కాదు. కృష్ణకు, తుంగభద్రకు దక్షిణమున కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి వద్ద బండలపై అశోకుని శాసనములు కలవు. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దినాటి ఆ శాసనములలో రెండవది, మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స అని రెండింటిని ఒక్కపట్టున పేర్కొన్నది. ఇరువురకును ఉపయోగించు మూలికలు లేనిచోట్లకు తెప్పించి నాటించితిననియు, బాటల వెంట ఇరువురకును బావులు త్రవ్వించితిననియు ఆ చక్రవర్తి చెప్పుకొనెను. రాజు బావి త్రవ్వించినది మనుష్యునికా, పశువునకా యని అడుగుటకు వీలులేకుండ ఆ వాక్యము కలదు.

నేడు హైదరాబాదులో 1982లో జాతీయ పాడి అభివృద్ధి మండలి నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ పశువులకును, మనుష్యులకును టీకాలు తయారుచేయుచున్నది. పాశ్చరు తొలి టీకా వేసిన జూలై 6వ తేదీని జంతుజన్య వ్యాధుల దినముగా జరుపుచు, ఆనాడు పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా రేబిస్ టీకా వేయుచున్నారు. 2030 నాటికి కుక్కలవలన కలుగు రేబిస్ మరణములను రూపుమాపవలెనని కేంద్రప్రభుత్వము 2021లో జాతీయ ప్రణాళికను ప్రకటించినది. సూది ఉన్నది, వైద్యుడున్నాడు, తేదీ ఉన్నది. కుక్కను మెడపట్టి తీసికొనిపోవు చేయి మాత్రమే కావలసియున్నది.

ఆశ్రితుని విడువని ధర్మము

కుక్కపిల్ల కన్నీటితో ఆరంభమైన భారతము కుక్క తోడునడచిన ప్రయాణముతో ముగియుచున్నది. మహాప్రస్థానమున ద్రౌపదియు, తమ్ములును దారిలో ఒక్కొక్కరుగ పడిపోయిరి. ధర్మరాజు వెంట హస్తినాపురమునుండి వచ్చిన కుక్క యొక్కటే మిగిలెను. ఇంద్రుడు రథముతో వచ్చి, కుక్కను విడిచి స్వర్గమునకు రమ్మనెను. నన్ను నమ్మి వెంటవచ్చిన దానిని విడిచి వచ్చు స్వర్గము నాకు వలదని ధర్మరాజు నిలిచిపోయెను. ఆ కుక్క ధర్మదేవతయే యని పిదప తెలిసెను. ధర్మరాజునకు ముందుగా అది తెలియదు. తెలియకయే విడువకుండుట ఆయన గొప్పతనము.

ఈ కథను విని కుక్కను ముద్దుచేయుటతో సరిపెట్టుకొనరాదు. వెంటబెట్టుకొన్నవాడు తుదివఱకు బాధ్యత వహించెనన్నది దాని సారము. కనుక ఇంట కుక్కను పెంచువాడు మూడు నెలల వయసు నిండగనే టీకా వేయించి, ఏటేట మరల వేయింపవలెను. విసుగు పుట్టినదని దానిని ఊరి పొలిమేర దాటించి విడిచిరారాదు. వీధికుక్కకు ముద్ద వేయు వీధివారు కలిసి, ఏడాది కొకనాడు దానిని టీకాకు పట్టియిచ్చు భారమును పంచుకొనవలెను. దేవాలయముల ధర్మకర్తలు ఉత్సవమునకు పందిరి వేసిన నాడే పశువైద్యునకు ఒక బల్లయు, నీడయు ఇచ్చినయెడల, దర్శనమునకు వచ్చిన కాపరి తన కుక్కకు టీకా, మందకు మందు, బిడ్డకు హితవచనము ఒక్కచోటనే పొందగలడు. అన్నదానమునకు చందా వ్రాయు చేతులు ఆ పుణ్యమునకును కొంత వ్రాయవచ్చును.

భూతయజ్ఞమున నేలపై ఉంచు ముద్దను ఒక కుక్క తినిపోవును. ఆ కుక్కకు వేయించిన టీకా దానిని కాపాడును, అది నిలిచిన వీధిని కాపాడును, ఆ వీధిలో బడికి పోవు పేరు తెలియని బిడ్డను కాపాడును. ముద్ద వేసిన వానికి ఆ బిడ్డ ఎవ్వరో తెలియకపోవచ్చును. కానరాని భయమునకు కానరాని రక్షణయే తగిన శాంతి. ఆ శాంతి చేయువాడే తన ఊరికి సోమశ్రవసుడు.